ఇసుక తగలని పళ్ళెం

మా అత్తకు శుభ్రం పిచ్చి. ఈ మాట ఆమె బతికుండగానే ముఖాన అన్నాను కాబట్టి ఇప్పుడు రాయడానికి నాకేం మొహమాటం లేదు. తిన్న గిన్నెను ఒకసారి తోమితే ఆమెకు తృప్తి ఉండేది కాదు. బూడిదతో ఒకసారి, ఏటి ఇసుకతో ఒకసారి, ఇత్తడిదైతే చింతపండు పిప్పితో మళ్ళీ ఒకసారి. నేను తోమి బోర్లించిన చెంబును తీసి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, పల్లెత్తు మాట అనకుండా తీసుకెళ్ళి మళ్ళీ తోముకునేది. తిట్టినా బాగుండును. ఆ మాట్లాడకుండా తోమడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పటికి మా ఊళ్ళు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళే అయింది. మాది కంభం దాటాక గుండ్లకమ్మ ఒడ్డున చిన్న ఊరు. నేను ఊళ్ళో మిషన్ బడిలో చిన్న తరగతులకు టీచర్ని. మా ఆయన మార్కాపురం పలకల గనిలో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. మిగిలిన రోజులన్నీ ఇంట్లో అత్తా నేనూ, మా ఇద్దరి మౌనమూ. అంతకు ముందటేడు నాకు మగబిడ్డ పుట్టి తొమ్మిదో రోజున పోయాడు. పాస్టరు గారు ప్రార్థన చేసి, సమాధుల దొడ్డిలో పూడ్చి వచ్చాక, మా అత్త ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమెకు నా మీద కోపమేమోనని నేను అనుకునేదాన్ని. ఆమె ఏమనుకునేదో నాకు తెలియదు, అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఏడు వేసవి సెలవుల్లో ఒక జీపు వచ్చి ఏటి గట్టున ఆగింది. దిగినాయన రాళ్ళ సంగతి చదువుకున్న సర్కారు ఆఫీసరు. కోస్తా మనిషి, యాభై దాటిన వయసు, బట్టతల, ఖాకీ నిక్కరు. గట్టున డేరా వేయించి, ఇద్దరు కూలివాళ్ళను పెట్టి గొయ్యి తవ్వించడం మొదలుపెట్టాడు. బంగారం కోసమని ఊళ్ళో సగం మంది, ముగ్గురాయి కోసమని మిగతా సగం మంది తేల్చేశారు. ఆయన మాత్రం పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, "బియ్యం బాగా గాలించే మనిషి కావాలండీ" అని అడిగాడట. పాస్టరు గారు ఆలోచించను కూడా ఆలోచించకుండా మా ఇంటికి తీసుకొచ్చారు.

"ఒకరి బియ్యం గాలించేదానికి నాకేం పనీపాటా లేదనుకున్నారా ఏంది?" అంది అత్త.

"బియ్యం కాదమ్మా, ఇసుక" అన్నాడాయన.

అత్త నా వైపు చూసింది. ఈయనకు బుర్ర సరిగ్గా ఉందా అని ఆ చూపుకు అర్థం. నాకు నవ్వాగక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. సంచుల మీద చీటీలు రాయడానికి నన్నూ రమ్మన్నాక, కోడల్ని ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక ఆమె కూడా బయల్దేరింది. ఆయన ఇచ్చిన ఇనప పళ్ళేన్ని మునివేళ్ళతో పట్టుకుని, "తుప్పు కంపు" అని పక్కన పడేసి, ఇంటి నుంచి తన ఇత్తడి పళ్ళెమే తెచ్చుకుంది.

బియ్యం గాలించడం ఎట్లాగో తెలియనివారు ఉండరు. నీళ్ళలో పళ్ళేన్ని మెల్లగా తిప్పుతూ వంచితే బియ్యం కొద్దికొద్దిగా పక్క గిన్నెలోకి జారతాయి, బరువైన రాళ్ళు అడుగున నిలుస్తాయి. బియ్యం ఉంచుకుని రాళ్ళు పారేస్తాం. ఆఫీసరుకు కావలసింది ఆ అడుగున నిలిచేదే. తేలికైన ఇసుకంతా పోగా చివరికి మిగిలే నల్లటి బరువైన గింజలు. ఆ మాట ఆయన రెండుసార్లు చెప్పాడు, అత్త రెండుసార్లూ తలూపింది. తలూపి, ముందుగా పనితనం చూద్దామని ఆయన ఇచ్చిన ఏటి ఇసుకను కన్నుల పండువగా గాలించి, తెల్లటి ఇసుకనంతా గిన్నెలో పట్టి, అడుగున మిగిలిన నల్లదాన్ని గట్టు మీద విసిరికొట్టింది.

"చూడు సారూ, నలుసు లేకుండ తీసినా" అని ఆ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన తల పట్టుకున్నాడు. తర్వాత పడీపడీ నవ్వాడు. "ఆ పారేసిందే నాకు కావాలమ్మా" అన్నాడు. అత్త ముఖం చిన్నబోయింది. కానీ పొద్దు తిరిగేసరికి ఆమె చేయి దారిలో పడింది. పళ్ళెం చివర గోరంత నల్లటి చంద్రవంక మిగిలేది. ఆయన దాన్ని కాగితం మీద ఆరబెట్టి, భూతద్దంలో చూసి, "ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఇట్లాంటి చేతిని చూడలేదమ్మా" అన్నాడు. అత్త ఏమీ పట్టనట్టు మూతి తిప్పుకుంది. ఆ సాయంత్రం మాత్రం ఎదురుపడ్డ ప్రతివాళ్ళకూ ఆ మాట చెప్పింది.

ఈ నలుసుల గోల దేనికని నాకు పట్టుకుంది. అడిగాను. ఆయన పడమటి దిక్కున నీలంగా కనపడే నల్లమల వైపు చెయ్యి చూపించాడు.

"ఆ కొండల వయసు కనుక్కోవడానికి."

"కొండలకు వయసేంది సారూ? దేవుడు చేసిన నాటి నుంచీ ఉండేటివే గదా?" అంది అత్త.

"దేవుడు ఒక్కసారే చేసి ఊరుకోలేదేమో అని నా అనుమానం" అన్నాడాయన. ఆ కొండలు ఒకప్పుడు అరిగి అరిగి నేలమట్టమైపోయాయట. తర్వాత ఎంతో కాలానికి మళ్ళీ లేచాయట. మనం చూసేది రెండోసారి లేచిన కొండలట. ఆయన పై ఆఫీసరు ఇదంతా వట్టిదని, కొండలు మొదటి నుంచీ అట్లాగే ఉన్నాయని కొట్టిపారేశాడు. పదేళ్ళుగా ఇద్దరికీ ఇదే వాదన.

"కొండ పైకి లేస్తే వాన దాన్ని కోస్తుంది. ఆ పొడిని ఏరు మోసుకొచ్చి ఇక్కడ పరుస్తుంది. నల్లమల రాతిలో ఊదారంగు గింజలున్నాయి, జిర్కాన్ అంటారు. కొండ లేచిన తర్వాత పరిచిన పొరల్లో అవి ఉంటాయి. కొండ నేలమట్టంగా ఉన్న రోజుల్లో పరిచిన పొరలో ఉండవు. ఈ గొయ్యిలో అన్నిటికన్నా అడుగు పొర అట్లాంటిదేనని నా నమ్మకం."

"మరి ఆ పొర ఎప్పటిదో ఎట్లా తెలుస్తుంది?" అన్నాను.

"ఒక ఫొటో ఉందనుకోండి టీచరు గారూ. ఎప్పుడు తీశారో ఎవరికీ గుర్తులేదు. కానీ అందులో ఒక చంటిపిల్ల ఉంది. ఆ పిల్ల పుట్టాకే ఫొటో తీశారని చెప్పొచ్చు కదా? పొరలో అన్నిటికన్నా పిన్న వయసు గింజను పట్టుకుంటే, పొర అంతకన్నా పాతది కాదని తేలుతుంది. గింజలో కొంచెం కొంచెంగా సీసం పుడుతూ ఉంటుంది. ఎంత పుట్టిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. అది పట్నంలో చేసే పని."

చంటిపిల్ల అనగానే అత్త పళ్ళెంలోకి వంగింది, నేను చీటీల్లోకి వంగాను. ఆయనకేం తెలుసు పాపం.

ఆయనకు అదే ఆఖరి తిరుగుడు. మరుసటి ఏడు రిటైరవుతున్నాడు. అడుగు పొర చేతికొస్తే పదేళ్ళ మాట నిలబడుతుంది, లేకపోతే అది ఆయనతోనే పోతుంది. దాచుకోకుండా మాతోనే అన్నాడు. మేం కూడా ఆ గొయ్యి వైపు ఆశగా చూడడం మొదలుపెట్టాం. అత్తయితే ప్రార్థనలో ఆ గొయ్యిని కూడా కలిపేసింది.

అడుగు పొర దొరికింది. ఊట నీళ్ళలో నిలబడి కూలివాళ్ళు ఒక్క సంచి మట్టి పైకి అందించారు. ఆ మధ్యాహ్నమే ఉరుములతో పెద్ద వాన పడి, గోడలు విరిగి గొయ్యి పూడిపోయింది. మళ్ళీ తవ్వడానికి ఆయనకు గడువు లేదు, మనుషులూ లేరు. ఉన్నది ఆ ఒక్క సంచే.

ఆయన జాగ్రత్తలన్నీ చెప్పాడు. ఏటి నీళ్ళు వద్దు, బావి నీళ్ళే వాడాలి, అవీ గుడ్డలో వడగట్టాలి. ఒక సంచి అయ్యాక ఇంకో సంచి పట్టే ముందు పళ్ళెం శుభ్రంగా కడగాలి. "నాకు చెప్పల్నా సారూ" అని అత్త నవ్వింది. సంచిలో రెండు దోసిళ్ళ మట్టి మాత్రం అట్లాగే మిగల్చమని, మిగిలిందంతా గాలించమని ఆయన చెప్పాడు. అత్త గాలించింది. నేను చీటీ రాశాను.

ఆయన నల్లపొడిని కాగితం మీద పరిచి భూతద్దం పెట్టాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత మైక్రోస్కోపు తీసి దాంట్లో చూశాడు. లేచి డేరా బయటికి వెళ్ళి నల్లమల వైపు తిరిగి నిలబడ్డాడు. నేను నెమ్మదిగా వెళ్ళి ఏమైందని అడిగాను.

"ఊదా గింజలున్నాయి టీచరు గారూ. దోసిలికి పదీ పన్నెండు కనపడుతున్నాయి. నేనే పొరబడ్డాను. మా పై ఆఫీసరు చెప్పిందే నిజం."

కోపం లేదు, ఏడుపు లేదు. అంత పెద్దమనిషి ఆ మాటను అట్లా మామూలుగా చెప్పేశాడు. రేపు పొద్దున జీపు కంభం స్టేషనుకు వెళ్తుంది, తన వాదన వదులుకుంటున్నట్టు ఉత్తరం రాసి టపాలో వేయిస్తాను అన్నాడు. అత్త పెట్టిన మజ్జిగ కూడా తాగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాం. పొయ్యి రాజేస్తూ పెరట్లోకి చూశాను. అత్త తన పళ్ళెం ముందేసుకుని, కొబ్బరిచిప్పలోంచి గుప్పెడు ఏటి ఇసుక తీసి పీచుతో బరబరా తోముతోంది. పెళ్ళయిన నాటి నుంచీ రోజూ చూస్తున్నదే. చూస్తూ ఉండగా నాకు తట్టింది. ఆ కొబ్బరిచిప్ప పొద్దున డేరా దగ్గర నీళ్ళ తొట్టి పక్కన కూడా ఉంది. నిన్నా ఉంది, మొన్నా ఉంది. రోజూ కళ్ళెదుటే ఉన్నదాన్ని నేను చూడనే లేదు.

"అత్తా! అక్కడ కూడా ఇసుకతోనే తోమినావా? ప్రతి సంచికీ?"

"తోమక? ఒక మట్టి ఎంగిలి మీద ఇంకో మట్టి ఏస్తామా? శుభ్రంగా కడగమని ఆయనే చెప్పినాడు గదా."

"ఏటి ఇసుక నిండా కొండ గింజలేనత్తా! అవి పళ్ళెం గీతల్లో, అంచు మడతలో ఇరుక్కుని ఆ మట్టిలో కలిసినాయి. నువ్వు తోమడం వల్లే ఆయన పదేళ్ళ కష్టం మట్టిలో పోయింది!"

అంత గట్టిగా అని ఉండకూడదు. కానీ ఏడాదిగా లోపల దాచుకున్నదంతా ఆ ఒక్క మాటలో బయటపడింది. అత్త చేతిలో పీచు ఆగిపోయింది.

"నా పళ్ళెం మురికంటావా? ముప్పై ఏండ్ల నుంచి తోముతున్నా. పోయిన మీ మామ గానీ, పాస్టరమ్మ గానీ, నా పళ్ళేనికి వంక పెట్టినోళ్ళు లేరు. నిన్న గాక మొన్న వచ్చి నువ్వు పెడ్తివా?" అంది. తర్వాత పళ్ళెం అక్కడే వదిలేసి లోపలికి పోయి పడుకుంది.

రాత్రంతా నాకు ఒకటే ఆలోచన. చెబితే, ఊరంతా మెచ్చుకున్న ఆమె చేయి పదిమందిలో పరువు పోగొట్టుకుంటుంది. చెప్పకపోతే ఒక అబద్ధం ఉత్తరంగా మారి టపాలోకి పోతుంది, దాన్ని ఆపగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. జీపు కదలక ముందే వెళ్ళి చెప్పేయాలని గట్టిగా అనుకున్నాను. అయ్యో, ఆమె ముఖం ఎట్లా చూడను అని కూడా అనుకున్నాను.

తెల్లవారి లేచి చూస్తే అత్త లేదు. ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా ఏటి గట్టుకు పరిగెత్తాను.

డేరా ముందు అత్త నిలబడి ఉంది. చంకలో ఏదో గుడ్డ మూట. చేతిలో కొబ్బరిచిప్ప. ఆఫీసరు ఉత్తరాన్ని కవరులో పెడుతూ ఆగిపోయి, ఏంటమ్మా ఇంత పొద్దున్నే అంటున్నాడు. ఆమె కొబ్బరిచిప్పను ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"దీంతో తోమినా సారూ. ప్రతిసారీ తోమినా. ఇది ఏటి ఇసుక. నాకు తెల్వక చేసినా."

ఆయన ఆ ఇసుకను చిటికెడు తీసి నీళ్ళలో జాడించి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. చూశాడు. తలెత్తి మా అత్త వైపు చూశాడు, మళ్ళీ వంగి చూశాడు.

"ఇసుక నిండా ఊదా గింజలే" అన్నాడు. తర్వాత కుర్చీలో కూలబడ్డాడు. "తప్పు మీది కాదమ్మా. శుభ్రంగా కడగమన్నది నేను. ఎట్లా కడుగుతారో అడగాలన్న బుద్ధి నాకు లేకపోయింది. ఇన్నేళ్ళు తిరిగి ఏం లాభం!"

సంచిలో ఇంకా రెండు దోసిళ్ళ మట్టి ఉంది. అది పోతే ఇక ఏమీ లేదు. దాన్ని ఏ పళ్ళెంలో గాలించాలి? ఆయన డేరాలో ఉన్న ఇనప పళ్ళెం దగ్గర్నుంచి అన్నం తినే కంచం దాకా, అన్నీ మా అత్త కనికరించి ఇసుకతో తోమిపెట్టినవే. ఆయన వాటన్నిటినీ వరసగా చూసి తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు అత్త చంకలో మూట విప్పింది. లోపల పాత తెల్లపంచె మడతలో ఒక చిన్న ఇత్తడి పళ్ళెం. కొత్తది. ఒక్క గీత లేదు. పొద్దుటెండ పడి ఆమె గడ్డం కింద పచ్చగా మెరిసింది. ఆ పళ్ళేన్ని నేను ఎన్నడూ చూడలేదు.

"ఇసుక తగలని పళ్ళెం ఇంట్లో ఇదొక్కటే ఉండాది సారూ."

"కొత్తదాన్ని ఎందుకు దాచారమ్మా?" అన్నాడాయన, మాట కోసం.

అత్త నా వైపు చూడలేదు. "మనవడికి అన్నం ముట్టిద్దామని కంభం సంతలో కొన్న్యా. వాడు ఉండలేదు" అంది.

తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాను. బిడ్డ నా కడుపులో ఉండగానే ఆమె సంతకు పోయి, బేరమాడి, ఎవరికీ చెప్పకుండా ఆ పళ్ళెం తెచ్చి పెట్టెలో దాచుకుంది. ఆ తర్వాత ఏడాది పాటు అదే పెట్టెలోంచి రోజూ చీరలు తీసుకుంటూ, దాన్ని చూస్తూ, నాతో ఒక్క మాట అనకుండా గిన్నెలు తోముకుంది. నేనేమో ఆమెకు నా మీద కోపమని అనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని!

ఆఫీసరు లేచి నిలబడి రెండు చేతులతో ఆ పళ్ళెం అందుకున్నాడు. "గీతలు పడతాయమ్మా" అన్నాడు.

"పడనీ" అంది అత్త.

బావి నీళ్ళు నేను తోడాను. కొత్త గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టాను. అత్త పళ్ళేన్ని ఆ నీళ్ళతో తొలిచింది, తొలిచింది, ఎన్నిసార్లు తొలిచిందో. ప్రతిసారీ ఆమె కుడిచేయి అలవాటుగా పక్కకు, కొబ్బరిచిప్ప ఉండే చోటికి పోయేది. అక్కడ ఏమీ ఉండేది కాదు. చేయి వెనక్కి తెచ్చుకునేది. తర్వాత ఆ రెండు దోసిళ్ళ మట్టి పోసి తిప్పడం మొదలుపెట్టింది. అంత మెల్లగా ఆమె తిప్పడం నేనెప్పుడూ చూడలేదు. పొద్దు నడినెత్తికి వస్తుండగా పళ్ళెం చివర నల్లటి చంద్రవంక నిలిచింది.

ఆయన మైక్రోస్కోపు మీద వంగాడు. ఒక్కో గింజనూ సూదితో పక్కకు జరుపుతూ చూశాడు. మేమిద్దరం డేరా గుంజ దగ్గర నిలబడ్డాం. జీపు డ్రైవరు బీడీ ఆర్పేసి మరీ నిలబడ్డాడు.

"లేవు" అన్నాడు చివరికి. తలెత్తకుండానే మళ్ళీ అన్నాడు. "ఒక్కటి కూడా లేదు."

రెండు దోసిళ్ళలో లేనంత మాత్రాన అసలే లేవని తేలిపోదనీ, పై ఆఫీసరు మళ్ళీ గొడవ పడతాడనీ ఆయనే చెప్పాడు. కానీ నిన్నటి లెక్కన పాతిక దాకా ఉండాల్సిన చోట ఒక్కటీ లేదు. ఇక తన మాట తాను వదులుకోవలసిన పని లేదు. ఆ గింజలను చిన్న గాజు గొట్టంలో పోసి, బిరడా పెట్టి, చీటీ నన్నే రాయమన్నాడు. నా అక్షరాలు ఆ రోజు వంకరటింకరగా పడ్డాయి. కవరులోని ఉత్తరాన్ని తీసి ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత నిన్నటి మజ్జిగ ఏమైనా మిగిలిందా అని అడిగాడు.

ఎండలో ఇంటికి నడిచాం. పళ్ళెం గుడ్డలో చుట్టి అత్త చంకలో ఉంది. ఇసుక తిరిగిన చోట దాని అడుగున సన్నటి గీతలు గుండ్రంగా పడ్డాయి, నేను చూశాను. నిన్న అన్న మాటకు క్షమించమని అడగాలి. నోరు తెరిస్తే ఏడుపొచ్చేటట్టు ఉంది. సమాధుల దొడ్డి దాటాం. అక్కడ అత్త కాస్త ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని, దూరంగా నల్లమల వైపు చూసింది.

"అంత లావు కొండలే నేలమట్టమై మళ్ళ లేసినయంట గదమ్మే" అంది. "నీకేం తొందర."

నేను దారి మధ్యలో నిలబడి బావురుమన్నాను. ఆమె పళ్ళెం మూటను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుని, ఖాళీ అయిన చేత్తో నా జబ్బ పట్టుకుని ఇంటిదాకా నడిపించింది. ఆ పళ్ళెం మళ్ళీ పెట్టె అడుక్కి పోలేదు. నీళ్ళతో తొలిచి, చీర చెంగుతో తుడిచి, గూట్లో ఇద్దరికీ రోజూ కనపడే చోట బోర్లించింది.